అత్యవసర విభాగం నుంచి ఇంటికి పంపించిన ముప్పై గంటల్లో మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

మా నాన్నగారి వయసు 71 సంవత్సరాలు. కొద్ది వారాల క్రితం ఒక సాయంత్రం ఆయనకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి కూడా కావడంతో ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాము. లోపల మంచాలు నిండిపోయి, నడవాలో రెండు వైపులా స్ట్రెచర్లు వరుసగా ఉన్నాయి. డ్యూటీ డాక్టరు వచ్చి చూసేసరికి మూడు గంటలు గడిచాయి, రక్తపరీక్షల ఫలితాలకు మరో రెండు గంటలు పట్టింది. పరీక్షల్లో చెప్పుకోదగిన తేడా ఏమీ లేదని, కడుపులో మంట వల్ల వచ్చిన నొప్పి కావచ్చునని చెప్పి, మాత్రలు రాసి అర్ధరాత్రి దాటాక ఇంటికి పంపించారు. చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లు తప్ప మరేమీ లేవు. ఆ డాక్టరు మాతో మాట్లాడింది రెండు నిమిషాలకు మించదు, ఆ రెండు నిమిషాల్లోనే ఆమెను ముగ్గురు వచ్చి పిలిచారు.

నొప్పి పూర్తిగా తగ్గలేదు. మందు పనిచేయడానికి సమయం పడుతుందేమోనని మేము ఆగాము. మరునాటి రాత్రి అది కుడివైపు కిందికి దిగింది, అడుగు వేస్తే ఎక్కువయ్యేది. ముప్పై గంటల తర్వాత మళ్ళీ అదే తలుపు దగ్గరికి వెళ్ళాము. ఈసారి స్కాన్ తీసి, అపెండిక్స్ పగిలిందని చెప్పి, శస్త్రచికిత్స చేశారు. ఆయనను చేర్చుకోవాలని నిర్ణయించిన తర్వాత కూడా వార్డులో పడక లేదన్న కారణంతో తొమ్మిది గంటలు అత్యవసర విభాగంలోనే ఉంచారు. ఇప్పుడు కోలుకుంటున్నారు.

నాకు కోపం లేదని చెప్పలేను, కాని ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు. మొదటిసారి చూసిన డాక్టరు తప్పు చేసినట్టేనా? ఆ రద్దీయే లేకపోతే ఆయనను సరిగా చూసేవారా? ఇంటికి పంపినవారిలో ఎంతమంది మళ్ళీ వస్తున్నారన్న లెక్కతో ఒక ఆసుపత్రి మంచిదా కాదా అని చెప్పవచ్చా? వైద్యరంగంలో పనిచేసేవారు, ఇలాంటి అనుభవం ఉన్నవారు చెబితే వినాలని ఉంది.

సమాధానం: అత్యవసర విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలు

మీ నాన్నగారు కోలుకుంటున్నారని చదివి మనసు తేలికపడింది. మీరు వర్ణించిన ఆ రెండు నిమిషాల్లో అటువైపు నిలబడిన మనిషిని నేనే, మీరు వెళ్ళిన ఆసుపత్రిలో కాకపోయినా. కాబట్టి ఆ డాక్టరును వెనకేసుకు రావడానికి రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

అపెండిక్స్ వాపు మొదటి గంటల్లో చాలామందిలో బొడ్డు చుట్టూ, ఎక్కడని వేలుపెట్టి చూపలేని నొప్పిగానే ఉంటుంది. అది కుడివైపు కిందికి దిగడానికి సాధారణంగా సగం రోజు నుంచి ఒక రోజు పడుతుంది. తొలి గంటల్లో తెల్లరక్తకణాల సంఖ్య మామూలుగానే ఉండవచ్చు. వయసు పైబడినవారిలో జ్వరం రాకపోవచ్చు, పొట్ట నొక్కినప్పుడు యువకుల్లో కనిపించినంత బిగుతు కనిపించకపోవచ్చు, ఈలోగా అపెండిక్స్ పగిలే ప్రమాదం మాత్రం వారిలోనే ఎక్కువ. అంటే ఆ సాయంత్రం చూసిన మనిషికి, ముప్పై గంటల తర్వాత చూసిన మనిషికి తెలిసిన విషయం ఒకటి కాదు. కడుపునొప్పితో వచ్చినవారిలో గణనీయమైన భాగానికి మొదటి పరీక్షలో కారణం తేలదు. ఆ స్థితిలో మా చేతిలో ఉన్న అతి మంచి పరీక్ష కాలమే. ఆరు గంటలు అక్కడే ఉంచి మళ్ళీ పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి, లేదా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తప్పకుండా తిరిగి రమ్మని చెప్పి మళ్ళీ చూడాలి.

రద్దీ సరిగ్గా ఆ కాలాన్నే తినేస్తుంది. ఖాళీ మంచం ఉన్న రోజున 71 ఏళ్ళ మనిషికి, కారణం తెలియని కడుపునొప్పికి, నేను "ఉదయం దాకా ఉండండి" అంటాను. నడవా నిండిన రాత్రి, ఆ మంచం మీద ఇంకెవరిని పడుకోబెట్టాలో ఆలోచిస్తూ, "పరీక్షలు బాగానే ఉన్నాయి" అన్న వాక్యం దగ్గర ఆగిపోతాను. ఇంటికి పంపాలన్న నిర్ణయంలో కంటే, ఇంటికి పంపుతూ చెప్పవలసిన మాటల్లోనే ఎక్కువ కోత పడుతుంది. "ఇది ఏమిటో మాకు ఇంకా తెలియదు, నొప్పి కిందికి దిగినా, కదిలితే పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే రండి, ఏమీ మారకపోయినా రేపు సాయంత్రం ఒకసారి చూపించండి" అని చెప్పడానికి ఒక నిమిషం చాలు. మీకు ఆ నిమిషం దొరకలేదు. దానికి బదులు ఒక జబ్బు పేరు, కొన్ని మాత్రలు దొరికాయి. పేరు దొరికితే ఇంట్లోవారు ధైర్యపడి ఆగుతారు, మీరు ఆగినట్టే. మీరు అడిగిన తప్పు, నా దృష్టిలో, అక్కడ ఉంది. జబ్బును మొదటిసారే పట్టుకోలేకపోవడాన్ని నేను తప్పు అనను. తెలియని దాన్ని తెలిసినట్టుగా చెప్పి పంపడాన్ని అంటాను.

రద్దీకీ, ఇంటికి వెళ్ళినవారి క్షేమానికీ సంబంధం ఉందా అన్న మీ అనుమానం నిరాధారమైనది కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2003 నుంచి 2007 వరకు అత్యవసర విభాగాల నుంచి ఇంటికి వెళ్ళిన దాదాపు కోటీ నలభై లక్షల సందర్శనలను పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక షిఫ్టులో రోగులు గడిపిన సగటు సమయం పెరిగేకొద్దీ, ఆ షిఫ్టులో చూపించుకుని ఇంటికి వెళ్ళినవారిలో తరువాతి ఏడు రోజుల్లో మరణించే అవకాశం, ఆసుపత్రిలో చేరవలసి వచ్చే అవకాశం రెండూ పెరిగాయి. సగటు సమయం ఆరు గంటలు దాటిన షిఫ్టుల్లో, గంట లోపున్న షిఫ్టులతో పోలిస్తే, మరణం అవకాశం సుమారు 1.7 నుంచి 1.8 రెట్లు ఉంది. ఒక్కొక్కరికి ఉన్న ముప్పు చాలా చిన్నదే, అయినా వచ్చేవారి సంఖ్యతో హెచ్చవేస్తే చిన్నది కాదు. నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. వేచి ఉండలేక డాక్టరు చూడకముందే వెళ్ళిపోయినవారిలో ఈ ముప్పు పెరగలేదు. చూపించుకుని వెళ్ళినవారిలోనే పెరిగింది. రద్దీ హాని చేసేది కేవలం వేచి ఉండే గదిలో కాదని, చూసే చేతుల్లో కూడా అని నేను దాన్ని అర్థం చేసుకుంటున్నాను.

ఇక మళ్ళీ వచ్చినవారి లెక్క. 72 గంటల్లోపు తిరిగి రావడాన్ని చాలా చోట్ల నాణ్యతకు కొలమానంగా వాడుతున్నారు. ఆ లెక్కలో కట్టు మార్చుకోవడానికి మేమే రమ్మన్నవారు ఉంటారు, జబ్బు సహజంగా ముదిరినవారు ఉంటారు, మందు పడనివారు, భయపడి వచ్చినవారు, పూర్తిగా వేరే సమస్యతో వచ్చినవారు, మేము నిజంగా పొరబడినవారు కూడా ఉంటారు. అందరినీ ఒకే గంపలో వేసి శాతం తీస్తే ఏం తెలుస్తుంది? పైగా మళ్ళీ వచ్చేవారందరూ అదే ఆసుపత్రికి రారు. అమెరికాలోని ఆరు రాష్ట్రాల 2006–2010 సమాచారంతో చేసిన ఒక పరిశీలనలో మూడు రోజుల్లో తిరిగి వచ్చినవారు 8.2 శాతం, వారిలో 32 శాతం సందర్శనలు మరో ఆసుపత్రిలో జరిగాయి. మొదటి ఆసుపత్రి పుస్తకాల్లో ఆ రోగులు బాగుపడినట్టే లెక్క. తిరిగి వచ్చి చేరినవారి పరిస్థితి, మొదటిసారే చేరినవారి కంటే దారుణంగా ఉంటుందని అందరం అనుకుంటాం. 2016లో ప్రచురితమైన పెద్ద పరిశీలన ఒకటి అందుకు విరుద్ధంగా చెప్పింది. తిరిగి వచ్చి చేరినవారిలో మరణాలు, ఐసీయూ అవసరం రెండూ తక్కువగానే ఉన్నాయి.

అందుచేత ఆ శాతాన్ని చూసి ఆసుపత్రులకు వరుస స్థానాలు ఇవ్వడాన్ని నేను వ్యతిరేకిస్తాను. కాని తిరిగి వచ్చి ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగి కేసు షీటును, మొదటిసారి చూసిన డాక్టరుతో సహా కూర్చుని చదవాలని అంతే గట్టిగా కోరుకుంటాను. మీ నాన్నగారి కాగితాలు అలా చదవవలసినవి. ఆ డాక్టరుకు ఈ సంగతి బహుశా ఇప్పటికీ తెలిసి ఉండదు. మాకు ఇంటికి వెళ్ళినవారి కథ ముగింపు చాలా అరుదుగా తెలుస్తుంది.

సమాధానం: వార్డులో పనిచేసిన నర్సు

డాక్టరుగారు ముందు తలుపు గురించి రాశారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా మెడికల్ వార్డులో ఉన్నాను కాబట్టి వెనక తలుపు గురించి చెబుతాను. మీ నాన్నగారు తొమ్మిది గంటలు పడక కోసం వేచి ఉన్నారన్నారు. ఆ తొమ్మిది గంటలు పైన ఏమి జరుగుతూ ఉంటుందో కింద ఉన్నవారికి కనబడదు.

ఒక రోగిని ఇంటికి పంపాలని ఉదయం రౌండ్లలో పెద్ద డాక్టరు అంటారు. ఆ మాట నోటి నుంచి వచ్చాక పడక ఖాళీ కావడానికి మధ్యలో ఎన్నో పనులు ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీ రాయవలసిన జూనియర్ డాక్టరు రౌండ్ల వెంట తిరుగుతూ ఉంటారు, అవి అయ్యాక ఆపరేషన్ థియేటరుకు వెళతారు. చివరి రక్తపరీక్ష ఫలితం రావాలి. ఇంటికి మందులు రావాలి. తీసుకువెళ్ళవలసిన కొడుకో కూతురో పని ముగించుకుని సాయంత్రానికి గాని రాలేరు. తరువాత మంచం కడిగి, దుప్పట్లు మార్చాలి. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరుగుతాయే తప్ప పక్కపక్కన జరగవు. అలా ఉదయం పదింటికి "వెళ్ళవచ్చు" అన్న మనిషి సాయంత్రం ఐదున్నరకు లేస్తారు. అత్యవసర విభాగంలోకి జనం రావడం మాత్రం ఉదయం పొద్దెక్కినప్పటి నుంచే పెరుగుతుంది. పడక అవసరమైన వేళకూ, అది దొరికే వేళకూ మధ్య ఉన్న ఆ సగం రోజంతా రోగులు స్ట్రెచర్ల మీద గడుపుతారు. సెలవు దినాల్లో డిశ్చార్జిలు తగ్గిపోతాయి, జబ్బులు తగ్గవు.

ఇంకొక విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. పడక ఖాళీ అయిన వెంటనే ఆ సంగతి కిందికి తెలియజేయకుండా అరగంట, గంట ఆలస్యం చేసిన రోజులు నా ఉద్యోగంలో ఉన్నాయి. ఇద్దరం నర్సులం ముప్పైమందిని చూసుకుంటున్నప్పుడు, డ్యూటీ మారే వేళ కొత్త రోగి రావడమంటే ఉన్నవారికి ఇవ్వవలసిన మందు ఆలస్యం కావడమే. మా వార్డును కాపాడుకుంటున్నాం అనుకునేవాళ్ళం. ఆ గంట ఎవరి మీద పడుతోందో మాకు కనబడేది కాదు, మీ నాన్నగారి వంటి మనిషి మీద పడుతోంది.

ఒక ఆసుపత్రి దీనికి చేసిన ఏర్పాటు గురించి తెలిసినప్పుడు మొదట నాకు నచ్చలేదు. అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో పీటర్ విచెలియో అనే అత్యవసర వైద్యుడు ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు. అత్యవసర విభాగం నిండిపోయినప్పుడు, చేర్చుకోవాలని నిర్ణయమైన రోగులను కింద నడవాలోనే ఉంచకుండా, పై వార్డుల నడవాల్లోకి ఒక్కొక్కరిని చొప్పున పంపుతారు. ఒకే చోట పదిమంది నడవాలో ఉండటం కంటే పది వార్డుల్లో ఒక్కొక్కరు ఉండటం మేలని దాని వెనక ఉన్న ఆలోచన. అడిగినప్పుడు రోగుల్లో ఎక్కువమంది వార్డు నడవానే కోరుకున్నారు. నాకు నచ్చని ఆ పద్ధతిలో ఒక నిజం ఉందని తరువాత ఒప్పుకున్నాను. నడవాలో ఉన్న రోగి కళ్ళెదుట కనబడితే, పడక ఎలాగో త్వరగా ఖాళీ అవుతుంది.

సమాధానం: మరొక పాఠకుడు

ఇవన్నీ నిజమే కావచ్చు గాని, అసలు సంగతి ఎవరూ అనడం లేదు. జలుబుకు, చిన్న గాయానికి, రెండు రోజుల తలనొప్పికి అత్యవసర విభాగానికి పరుగెత్తేవారు లేకపోతే అక్కడ ఇంత జనం ఉంటారా? వారిని తలుపు దగ్గరే వెనక్కి పంపితే, ఈ పెద్దాయన వంటివారిని నిదానంగా చూసే వీలు కలుగుతుంది కదా. ముందు ఆ అలవాటు మారాలి.

సమాధానం: రద్దీని లెక్కగట్టే పనిలో ఉన్న ఒక ఇంజనీరు

పై అభిప్రాయం చాలామందిలో ఉంది, నాకూ ఒకప్పుడు ఉండేది. లెక్క వేసి చూశాక వదులుకున్నాను. నేను ఆసుపత్రులకు పడకల ప్రణాళికలో సాయం చేస్తుంటాను, వైద్యుణ్ణి కాను.

ఒక చోట ఏ క్షణంలోనైనా సగటున ఎంతమంది ఉంటారన్నది రెండు సంఖ్యల మీదే ఆధారపడుతుంది: గంటకు ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారు. ఈ రెండింటి లబ్ధమే ఆ రద్దీ. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఈ సూత్రం బ్యాంకు వరుసకు, టోల్ గేటుకు, ఆసుపత్రికి ఒకేలా వర్తిస్తుంది. గంటకు పదిమంది వచ్చి నాలుగేసి గంటలు ఉంటే లోపల నలభైమంది ఉంటారు. వచ్చేవారు ఒక్కరు కూడా పెరగకుండా, ఉండే సమయం ఆరు గంటలైతే అరవైమంది అవుతారు. జలుబుతో వచ్చినవారు ఎంతమంది అయినా, వారు ఉండేది కొద్దిసేపు, వారికి చాలాసార్లు మంచం కూడా అక్కర్లేదు. పడక కోసం తొమ్మిది గంటలు ఎదురుచూసే ఒక్క రోగి ఆ స్థలంలో, మూడేసి గంటలు పట్టే మరో ముగ్గురిని చూసే అవకాశం లేకుండా పోతుంది. దీన్ని నేరుగా కొలిచినవారు ఉన్నారు. ఒంటారియోలోనే జరిగి 2007లో ప్రచురితమైన పరిశీలన ప్రకారం, ఎనిమిది గంటల్లో పదిమంది తేలికపాటి జబ్బులవారు అదనంగా వస్తే, మిగతా రోగులు గడిపే సమయం సగటున 5.4 నిమిషాలు మాత్రమే పెరిగింది.

కాబట్టి వారిని వెనక్కి పంపితే నడవా ఖాళీ కాదు. అదీగాక, ఆ సాయంత్రం ఈ పెద్దాయన వచ్చినప్పుడు ఆయన కూడా "కడుపులో మంట"తో వచ్చిన తేలికపాటి రోగిగానే కనబడ్డారు. తలుపు దగ్గర నిలబడి ఎవరిని వెనక్కి పంపాలో తేల్చడం అంత సులువైతే ఈ చర్చే ఉండేది కాదు.

నర్సుగారు చెప్పిన దానికి ఒక సంఖ్య జోడిస్తాను. పడకలన్నీ ఎప్పుడూ నిండి ఉంటే ఆసుపత్రిని సమర్థంగా నడుపుతున్నామని యాజమాన్యాలు అనుకుంటాయి. రాకపోకలు హెచ్చుతగ్గులుగా ఉండే చోట అది పొరపాటు. సరళమైన ఒకే వరుస నమూనాలో, ఒకరికి పట్టే సేవా సమయాన్ని ఒకటిగా తీసుకుంటే, 80 శాతం నిండినప్పుడు సగటు నిరీక్షణ నాలుగు రెట్లు, 90 శాతానికి తొమ్మిది రెట్లు, 95 శాతానికి పందొమ్మిది రెట్లు అవుతుంది. చివరి ఐదు శాతమే నిరీక్షణను రెట్టింపుకు మించి పెంచింది. ఆసుపత్రి అంత సరళం కాదు, అయినా నిరీక్షణ పెరిగే తీరు అదే. 1999లో బ్రిటన్ పరిశోధకులు ఆసుపత్రి పడకలను కంప్యూటరు నమూనాలో నడిపి చూసి, సగటున 85 శాతం దాటితే ప్రమాదం కనబడటం మొదలవుతుందని, 90 శాతానికి చేరితే పడకల కరువు తరచుగా వస్తుందని తేల్చారు. ఖాళీగా ఉన్న ఆ కొద్ది పడకలను వృథా అనుకునేవారికి నేను చెప్పేది ఒకటే. అగ్నిమాపక వాహనం రోజంతా రోడ్డు మీద తిరగడం లేదని ఎవరూ దాన్ని వృథా అనరు.

హెచ్చుతగ్గులన్నీ బయటి నుంచే వస్తాయనుకోవడం కూడా సరికాదు. అత్యవసరంగా వచ్చేవారి సంఖ్య వారంలో ఏ రోజుకు ఎంతో చాలావరకు ముందే ఊహించవచ్చు. ముందుగా తేదీ ఇచ్చి చేసే శస్త్రచికిత్సలే, సర్జన్ల వీలును బట్టి వారం మొదటి రోజుల్లో కుప్పపడి, పడకలను ఒక్కసారిగా నింపుతాయి. యూజీన్ లిట్వాక్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి చెబుతున్నది ఇదే: ఆ తేదీలను వారమంతా సమంగా పరిస్తే కొత్త పడక ఒక్కటి కూడా కొనకుండానే రద్దీ తగ్గుతుంది. ఇది వైద్యం మార్చనక్కర్లేని సంస్కరణ. కాని ప్రతి సర్జనూ తన రోజును వదులుకోవడానికి ఒప్పుకోవాలి కాబట్టి అన్నిటికంటే కష్టమైనది.

మీరడిగిన మూడో ప్రశ్న మీద డాక్టరుగారితో కొంత విభేదిస్తాను. తిరిగి వచ్చినవారి శాతంతో ఆసుపత్రులను పోల్చకూడదన్నది నిజం. అయితే ఒకే ఆసుపత్రిలో, ఒక మార్పుకు ముందూ తరువాతా ఆ శాతాన్ని చూడటం అవసరం. బ్రిటన్‌లో అత్యవసర విభాగంలో ఎవరూ నాలుగు గంటలకు మించి ఉండరాదని గడువు పెట్టారు. 2004 నాటికి 98 శాతం మందికి అది వర్తించాలన్నది లక్ష్యం, 2010లో దాన్ని 95 శాతానికి తగ్గించారు. గడువు వల్ల నిజంగా మేలు జరిగింది, దానితోపాటు నాలుగు గంటలు నిండబోయే చివరి నిమిషాల్లో రోగులు ఒక్కసారిగా కదలడం కూడా లెక్కల్లో స్పష్టంగా కనబడింది. అలా తొందరపెట్టినప్పుడు, ఇంటికి వెళ్ళినవారు ఎక్కువగా తిరిగి వస్తున్నారా అని చూడకపోతే, వేగాన్ని మెరుగుదలగా పొరబడతాం. అదే బ్రిటన్ సమాచారంతో 2022లో వచ్చిన ఒక అధ్యయనం వేగం ఎందుకు ముఖ్యమో కూడా చెప్పింది. చేరవలసిన రోగులు వచ్చినప్పటి నుంచి ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటి పడక కోసం ఆగితే, అలా ఆగిన ప్రతి 82 మందికి ముప్పై రోజుల్లోపు ఒక అదనపు మరణం ఉందని అంచనా వేసింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఆ తొమ్మిది గంటలు మా నాన్నగారు మంచం మీద ఉన్నప్పుడు, ఆయన వల్ల ఇంకెవరో మూడు గంటలు కూర్చుని ఉండి ఉంటారన్న ఆలోచన నాకు ఇంతవరకు రాలేదు. మొదటి రాత్రి మేము కూర్చున్నది కూడా అలాంటి ఎవరి వెనకో.

డాక్టరుగారూ, ఇంకొక్క మాట అడుగుతాను. ఆ ఒక్క నిమిషం దొరకనప్పుడు మా వైపు నుంచి మేము ఏమి చేయగలం? ఇంటికి వెళ్ళిన మరునాడు ఆసుపత్రి నుంచి ఎవరైనా ఫోను చేసి ఉంటే మేము తప్పకుండా నొప్పి సంగతి చెప్పేవాళ్ళం. అంత చిన్న పని ఎందుకు చేయరు?

సమాధానం: అత్యవసర విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలు

ఇంజనీరుగారి సవరణను ఒప్పుకుంటున్నాను. ఒక చోట మార్పుకు కాపలాగా ఆ శాతం పనికొస్తుంది.

ఫోను గురించి మీరు అనుకున్నట్టే నేనూ అనుకునేదాన్ని. 65 ఏళ్ళు పైబడిన సుమారు రెండు వేల మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఇంటికి వెళ్ళాక నర్సుతో ఫోను చేయించి చూశారు. 2018లో ఫలితం వచ్చింది: ముప్పై రోజుల్లో తిరిగి రావడంలోగాని, ఆసుపత్రిలో చేరడంలోగాని, మరణాల్లోగాని తేడా లేదు. ఆ ఫలితం నన్ను నిరాశపరచింది. మీ ఇంటికి ఆ ఫోను వచ్చి ఉంటే బహుశా ఉపయోగపడేది, అందులో అబద్ధం లేదు. కాని అందరికీ ఒకే ఫోను చేసి బాధ్యత తీరిందనుకోవడం కంటే, కారణం తేలని కొద్దిమందికి మరునాడు ఫలానా వేళకు వచ్చి చూపించుకోండని కాగితం మీద రాసి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. అలా రమ్మన్నవారు వచ్చినప్పుడు 72 గంటల లెక్కలో మా శాతం పెరుగుతుంది. పెరగనివ్వండి.

మీ వైపు నుంచి చేయగలిగినది ఉంది. అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, అత్యవసర విభాగం నుంచి ఇంటికి వెళుతున్నవారిలో 78 శాతం మందికి తమకు చెప్పిన విషయాల్లో ఏదో ఒక భాగం సరిగా అర్థం కాలేదు. వారిలో ఎక్కువమందికి అర్థం కాలేదన్న సంగతే తెలియదు. చదువుకున్నవారు, తెలివైనవారు అందుకు మినహాయింపు కాదు. అందుకే "అర్థమైందా?" అని మేము అడిగితే అవునని తలూపకండి. మీకు అర్థమైనది మీ మాటల్లో మాకు తిరిగి చెప్పండి. తప్పుగా చెబితే ఎంత హడావుడిలో ఉన్న డాక్టరైనా ఆగి సరిదిద్దుతారు. ఆ నిమిషాన్ని మీరు మా దగ్గర నుంచి అలా తీసుకోవచ్చు.

ఆ తరువాత మూడు విషయాలు అడగండి. ఈ నొప్పికి కారణం మీకు ఖాయంగా తెలిసిందా, లేక ఇది అనుమానమా? ఏ మార్పు కనబడితే మేము ఆగకుండా రావాలి? ఏ మార్పూ లేకపోతే ఎన్ని గంటల తర్వాత, ఎవరికి చూపించాలి? మొదటి ప్రశ్న మాకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా అదే ముఖ్యం. దానికి నిజాయితీగా జవాబు చెప్పే క్రమంలోనే చాలాసార్లు మేము ఆగి, "ఉదయం దాకా ఉంచుదాం" అంటాం.

ఇక రెండోసారి రావలసి వస్తే, చాలామంది మొహమాటంగా, మళ్ళీ వచ్చి ఇబ్బంది పెడుతున్నామన్నట్టుగా మాట్లాడతారు. మందు పనిచేయలేదేమో అంటారు. ట్రయాజ్ బల్ల దగ్గర, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట, ఉన్న సిస్టరుకు అది పాత కథలా వినిపించి మీరు వరుసలో వెనక్కి వెళతారు. నిలబడగానే మొదటి వాక్యంలోనే చెప్పండి: నిన్న రాత్రి ఇక్కడి నుంచే ఇంటికి పంపారు, అప్పుడు నొప్పి బొడ్డు దగ్గర ఉంది, ఇప్పుడు కుడివైపు కిందికి దిగింది, నడవలేకపోతున్నారు. మొదటిసారి ఇచ్చిన కాగితం చేతిలో పెట్టండి. మారినది ఏమిటో వినగానే ఆ సిస్టరు తల ఎత్తి చూస్తారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి కడుపునొప్పితో రెండోసారి వస్తే, మా విభాగంలో సీనియర్ డాక్టరు స్వయంగా చూడకుండా ఇంటికి పంపకూడదని కిందటేడు నియమం పెట్టుకున్నాం. మీ నాన్నగారు రెండోసారి వెళ్ళిన చోట అలాంటి నియమం ఉందో లేదో, ఒకసారి ఉత్తరం రాసి అడగండి. ఫిర్యాదుగా కాకుండా, ఆ రెండు కేసు షీట్లను పక్కపక్కన పెట్టి చదవమని కోరుతూ రాయండి. మొదటి రాత్రి చూసిన ఆ డాక్టరుకు కూడా మీ నాన్నగారి సంగతి చేరేలా చూడమని అందులో తప్పక చేర్చండి.